అగబు ముందుగా చెప్పిన కరవు – ద్వీపముల రైతులు

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 11:19–30)



ఈ దినము మనము ధ్యానించే వాక్యభాగములో అగబు అనే ఒక ప్రవక్త కనిపిస్తాడు. ఆయన యెరూషలేము నుండి అంతియొకయకు వచ్చి, గొప్ప కరవు రాబోతోందని ఆత్మ ద్వారా తెలియజేశాడు. క్లౌదియ చక్రవర్తి కాలంలో ఆ కరవు వచ్చిందని లూకా వ్రాశాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. అగబు మాట్లాడిన రోజున యూదయలో ఎవరూ ఆకలితో చనిపోలేదు. గాదెలు ఇంకా ఖాళీ కాలేదు. అయినా అంతియొకయ విశ్వాసులు, "కరవు రానీ, అప్పుడు చూద్దాం" అనలేదు. ప్రతివాడు తన శక్తికొలది పంపాలని నిశ్చయించుకున్నాడు. పోగుచేసిన సొమ్మును బర్నబా, సౌలుల చేతికిచ్చి, అక్కడి పెద్దలకు చేర్చారు. హెచ్చరిక వినడానికీ సహాయము పంపడానికీ మధ్య వారు కాలయాపన చేయలేదు.

ఇంకొక సంగతి. దీనిని మనం చదువుతూనే దాటిపోతాము. అంతియొకయకు సువార్త ఎవరు తెచ్చారు? 20వ వచనం చూడండి. కుప్రీయులు, కురేనీయులు కొందరు వచ్చి గ్రీసు దేశస్థులతో మాట్లాడారు. కుప్ర అంటే ద్వీపము. ఆ సొమ్మును మోసుకెళ్లిన బర్నబా ఎవరు? 4వ అధ్యాయము చివర చూడండి, కుప్రలో పుట్టిన లేవీయుడు, తన భూమి అమ్మి ఆ వెల తెచ్చి అపొస్తలుల పాదముల యొద్ద పెట్టినవాడు. అంటే అన్యజనుల మధ్య వెలసిన ఆ గొప్ప సంఘమునకు ద్వీపవాసుల ఋణము ఉంది. ఈ మాట మనస్సులో ఉంచుకొని నాతో కూడా పసిఫిక్ మహాసముద్రమునకు రండి.

మన తూర్పు తీరము నుండి చాలా దూరం, ఆస్ట్రేలియా ఖండానికి ఈశాన్యంగా, కిరిబాటి, తువాలు అనే రెండు చిన్న దేశాలున్నాయి. (కిరిబాటి అని వ్రాస్తారు గాని అక్కడివారు 'కిరిబాస్' అని పలుకుతారు.) కిరిబాటిలో 33 దీవులు, అన్నీ కలిపి సుమారు 811 చదరపు కిలోమీటర్ల నేల, లక్షా ఇరవై వేలకు దగ్గరగా జనాభా. తువాలులో 9 దీవులు, 26 చదరపు కిలోమీటర్లు, పదకొండు వేలమంది. ఇరవై ఆరు చదరపు కిలోమీటర్లంటే మన దగ్గర రెండు మూడు పెద్ద గ్రామాల పొలిమేర. అది ఒక దేశము. దానికి జెండా ఉంది, పార్లమెంటు ఉంది, దాదాపు ప్రతి ఊరిలో ఒక దేవాలయము ఉంది.

ఈ దీవులలో ఎక్కువ భాగం పగడపు దిబ్బలు. మధ్యలో ఉప్పునీటి మడుగు, దాని చుట్టూ ఉంగరము వలె సన్నని నేల. కొన్నిచోట్ల ఒక పక్క ఒడ్డున నిలబడితే రెండవ పక్క సముద్రం కనిపిస్తుంది. ఎత్తు చాలావరకు సముద్రమట్టానికి రెండు మూడు మీటర్లే. కొండ లేదు, ఏరు లేదు, చెరువు లేదు. నేలంతా పగడపు ఇసుక. మరి ఇక్కడ రైతు ఎలా బ్రతికాడు?

వాన నీరు ఇసుకలోనుండి క్రిందికి ఇంకుతుంది. క్రింద అప్పటికే సముద్రపు నీరు చేరి ఉంటుంది. ఉప్పునీటికన్న మంచినీరు తేలిక గనుక, నీళ్ల మీద ఆముదం తేలినట్లు, ఆ మంచినీరు ఉప్పునీటి మీద పలుచటి పొరగా నిలిచి ఉంటుంది. దీనికి ఒక లెక్క ఉంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, దాని క్రింద సుమారు నలభై అడుగుల లోతువరకు మంచినీరు ఉండగలదు. చిన్న దీవులలో అలల కుదుపుకు రెండు నీళ్లూ కలిసిపోతాయి గనుక అంత లోతు దొరకదు. అయినా ఆ పొర ఉన్నంతకాలం మనిషికీ మొక్కకూ జీవము ఉంది. పైన ఒక అడుగు తగ్గితే క్రింద నలభై అడుగులు పోతుందన్నది కూడా అదే లెక్క.

ఆ పొర ఎక్కడుందో కిరిబాటి పితరులకు పుస్తకాలు లేకుండానే తెలుసు. వారు దీవి మధ్య భాగంలో, నీరు తగిలేవరకు పెద్ద గుంటలు త్రవ్వి, ఆ గుంటలలో ఒక జాతి చేమను నాటారు. ఆకు మనిషి ఎత్తు దాటుతుంది, దుంప ఎంతో బరువు పెరుగుతుంది. దానిని అక్కడ బబాయి అంటారు (మన బాబాయి కాదు!), తువాలులో పులాకా అంటారు. మొక్క చుట్టూ అడుగు లేని బుట్ట అల్లి, దానిలో ఎండుటాకులు, మట్టి నింపుతూ వస్తారు. ఆకు కుళ్లి ఎరువవుతుంది. ఇసుకలో మట్టిని మనిషే తయారుచేయాలి. దుంప ఊరడానికి రెండు మూడేళ్లు, పెద్దది కావాలంటే ఇంకా ఎక్కువ. ఏ ఆకు ఎప్పుడు వేయాలన్నది ఆ కుటుంబపు రహస్యము. తండ్రి కుమారునికి చెప్తాడు, పక్కింటివానికి చెప్పడు. గుంటలు పిత్రార్జితముగా వస్తాయి. పెళ్లికి, పండుగకు, అతిథికి బబాయి వడ్డించకపోతే అది విందు కాదు. మనకు వరి ఎట్టిదో వారికి అది అట్టిది. నాబోతు తన పిత్రార్జితమైన ద్రాక్షతోటను రాజుకు కూడా ఎందుకు ఇయ్యనన్నాడో ఆ గుంట గట్టున కూర్చున్న రైతును అడిగితే చక్కగా చెప్తాడు.

ఆ గుంటలోనికి ఇప్పుడు ఉప్పు వస్తోంది.

కృష్ణా, గోదావరి తీరములలో ఉండే శ్రోతలకు ఉప్పు అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కండ్లారా చూసినవారు మీలో ఉన్నారు. ఉప్పునీరు నిలిచిన చేను ఎలా ఉంటుందో, మొలక ఎలా మాడిపోతుందో మీకు తెలుసు. అయితే మన చేలకు పైనుండి కాలువ నీరు వస్తుంది. ఏటి వరద వస్తుంది, వానలు కడుగుతాయి. పగడపు దీవికి వాన తప్ప మరేమీ లేదు. ఒక పెద్ద అల దీవి మీదుగా దాటితే గుంటలో నిలిచిన ఉప్పు కరిగి పోవడానికి నెలలు, ఒక్కొక్కసారి ఏండ్లు పడుతుంది. ఈలోగా ఆకు పసుపుబారి, దుంప కుళ్లిపోతుంది. 2015 మార్చిలో 'పామ్' అనే తుఫాను వనువాటు దేశాన్ని ధ్వంసం చేసింది. దాని కన్ను తువాలును తాకలేదు. కాని ఆ తుఫాను లేపిన అలలు తువాలు బయటి దీవుల మీదికి ఎక్కి పులాకా గుంటలను ఉప్పుతో నింపాయి. తాత నాటిన గుంట ఒక్క రాత్రిలో పాడైపోయింది.

సముద్రం ఎందుకు పెరుగుతోంది? నీటిని వేడిచేస్తే అది కొంచెం వ్యాకోచిస్తుంది. కొండల మీదా, ధ్రువముల దగ్గరా ఉన్న మంచు కరిగి సముద్రంలో కలుస్తుంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించిన పొగ భూమి చుట్టూ దుప్పటిలా కప్పి వేడిని పట్టి ఉంచుతోంది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు, అంటే సుమారు ఒక జానెడు పెరిగింది. మొదట్లో ఏడాదికి ఒకటిన్నర మిల్లీమీటరు కన్నా తక్కువగా పెరిగేది 2006 తరువాత మూడున్నర మిల్లీమీటర్లు దాటింది. జానెడే కదా అనకండి. మూడు మీటర్ల నేలలో జానెడు పోతే, మునుపు ఒడ్డున ఆగిపోయిన అల ఇప్పుడు ఇంటి గడపదాకా వస్తుంది. కిరిబాటి, తువాలు రెండూ కలిపినా ప్రపంచము విడిచే పొగలో ఒక శాతంలో నూరవ వంతు కూడా లేదు.

మరొక ప్రక్క వానలు. పసిఫిక్‌లో నీళ్లు చల్లబడే లా నినా కాలంలో ఈ దీవులకు వానలు ముఖం చాటేస్తాయి. 2011లో తువాలులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రాజధాని ఫునాఫుటిలో ఒక్కొక్క కుటుంబానికి రోజుకు రెండు బకెట్ల నీళ్లు కొలిచి ఇచ్చారు. చుట్టూ సముద్రం, ఇంట్లో రెండు బకెట్లు. వంటకు, త్రాగడానికి, పసిబిడ్డకు స్నానానికి, అన్నిటికీ అంతే. ఇక మొక్కకు ఎవరు పోస్తారు?

దుంప పోయినచోట ఏమి వచ్చింది? ఓడ మీద సంచులలో బియ్యం, మైదా, పంచదార, డబ్బా మాంసము వచ్చాయి. తరతరములుగా దుంప, కొబ్బరి, పనసజాతి పండు, చేప తిన్న శరీరములకు ఇవి పడలేదు. పసిఫిక్ దీవులు నేడు ప్రపంచంలో మధుమేహము అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో ఒకటి. ఓడ ఆలస్యమైతే అంగడిలో బియ్యం ఉండదు. రైతు కొనుగోలుదారుడైపోయాడు. పొలము పోవడమంటే ఇదే, సహోదరులారా. నేల కనబడుతూనే ఉంటుంది, అన్నము మాత్రం వేరొకరి చేతిలోనికి పోతుంది.

ఇంత దూరపు సంగతి తెలుగు సంఘమునకు ఏమి సంబంధము అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. మన సంఘచరిత్రలో ఒక పుట తిప్పుదాం. లండన్ మిషనరీ సొసైటీ అనే సంస్థ పంపిన మొదటి ఓడ 1797లో తహితీ దీవికి, పసిఫిక్‌కే చేరింది. అదే సొసైటీ 1805లో క్రాన్, డేగ్రాంజెస్ అనే ఇద్దరిని విశాఖపట్టణమునకు పంపింది. సువార్తలను తెలుగులోనికి తర్జుమా చేయడానికి వారు పూనుకున్నారు. అంటే మన తెలుగు సువార్తకూ ఆ దీవుల సువార్తకూ ఒకే తల్లి పాలు త్రాగిన బంధుత్వము ఉంది. తువాలు సంగతి ఇంకా ఆశ్చర్యకరము. 1861లో కుక్ దీవులలోని మనిహికికి చెందిన ఎలెకానా అనే సంఘపు డీకను ప్రయాణిస్తున్న పడవ దారితప్పి, వారములతరబడి కొట్టుకొనిపోయి నుకులాయెలాయె అనే దీవికి చేరింది. ఆ దీవివారు అతనిని ఆదరించారు, అతడు వారికి వాక్యము బోధించాడు. తరువాత అతడు సమోవాలో వేదశాస్త్రము చదువుకొని తిరిగి వచ్చాడు. తువాలు సంఘము తన పుట్టుకను అక్కడినుండి లెక్కపెట్టుకుంటుంది. తెల్ల దొర తెచ్చిన మతము అని మనలను ఎగతాళి చేసేవారికి ఈ కథ చెప్పండి. ఓడ పగిలి మెలితే ద్వీపానికి చేరిన పౌలును, ఆయనతో ఉన్నవారిని, మొత్తము రెండువందల డెబ్బది ఆరుగురిని వానలో నిప్పు రాజవేసి చేర్చుకున్నవారు కూడా ద్వీపవాసులే గదా.

ఇక మన సంఘాలలో వినిపించే మాటలకు వద్దాం.

మొదట నోవహు. "ఇక జలప్రళయము రాదని దేవుడు ధనుస్సు చూపి మాట ఇచ్చాడు. సముద్రము గురించి మనమెందుకు భయపడాలి?" ఈ మాట మనవారే కాదు, కిరిబాటిలో, తువాలులో అనేకమంది భక్తిగల వృద్ధులు కూడా అంటారు. ఇల్లు విడిచి వెళ్లడం దేవుని మాటను నమ్మకపోవడమే అనుకొని కన్నీళ్లతో కూర్చున్నవారున్నారు. వారి విశ్వాసమును నేను చులకన చేయను. కాని ఆదికాండము 9వ అధ్యాయమును జాగ్రత్తగా చదవండి. సమస్త శరీరులను ప్రళయజలముచేత నాశనము చేయనని దేవుడు తన సంగతి చెప్పాడు. ఒక మనుష్యుడు తన పొరుగువాని చేను ముంచడని ఆయన ఎక్కడా హామీ ఇవ్వలేదు. పైగా ఆ నిబంధన నోవహుతో మాత్రమే కాదు, ఓడలోనుండి వెలుపలికి వచ్చిన ప్రతి జీవితోను, భూమితోను చేయబడింది. దేవుడు భూమితో నిబంధన చేస్తే, దానిని పాడుచేసినవాడు ఆ ధనుస్సును చూపి తప్పించుకోలేడు.

రెండవ మాట, "ఇవన్నీ అంత్యదినముల సూచనలు, జరగవలసి ఉన్నవి." కావచ్చు. అగబు చెప్పిన కరవు కూడా జరగవలసి ఉన్నదే. అది ఆత్మ ద్వారా తెలియజేయబడినది. రాక మానదని అంతియొకయ వారికి తెలుసు. తెలిసే చందా పట్టారు. ప్రవచనము మన చేతులు కట్టేయడానికి ఇవ్వబడలేదు. ఐగుప్తులో యోసేపు ఏడేండ్ల కరవు రాబోతోందని కలభావము చెప్పి, ఊరకే కూర్చున్నాడా? గాదెలు కట్టించాడు.

మూడవ మాట అన్నిటికన్నా బరువైనది. "మన అనంతపురంలో కరవు లేదా? మన రైతు అప్పులపాలై ప్రాణం తీసుకోవడం లేదా? పక్కింట్లో ఆకలి పెట్టుకొని పసిఫిక్‌కు పంపుతామా?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి నా దగ్గర చమత్కారమైన జవాబు లేదు. పౌలు 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో మాసిదోనియ సంఘముల గురించి వ్రాసినది మాత్రం చూపిస్తాను. వారు నిరుపేదలు. ఆ పేదరికంలోనుండే, తమకు కూడా పాలు కావాలని బతిమాలి ఇచ్చారు. ధనవంతుల సంఘము నుండి పేదల సంఘమునకు కాదు, పేదల నుండి పేదలకు పోయిన సొమ్ము అది. నా అనుభవంలో పక్కింటివానికి ఇచ్చేవాడే దూరమున్నవానికి కూడా ఇస్తాడు. అనంతపురం పేరు చెప్పి పసిఫిక్‌కు ఇవ్వనివాడు అనంతపురానికి ఎంత ఇచ్చాడో సంఘపు లెక్కల పుస్తకం చూడండి. తువాలు భాషలో పొరుగువానిని 'తువాకోయి' అంటారు. ఆ దేశపు వేదాంతి మైనా తాలియా తన పరిశోధనను ఆ మాట మీదనే కట్టారు. 2024లో ఆయన ఆ దేశపు వాతావరణ శాఖ మంత్రి అయ్యారు. నేను నీ పొరుగువాడను కానా అన్నది వారి ప్రశ్న.

అయితే ఏమి చేయాలి? ముందు ఏమి చేయకూడదో చెప్తాను. పామ్ తుఫాను తరువాత వనువాటుకు ప్రపంచం నలుమూలలనుండి కంటెయినర్ల నిండా సరుకు వచ్చి పడింది. అందులో ఎవరికీ అక్కరలేని వాడిన బట్టలు, గడువు తీరిన తిండి ఎంతో ఉంది. వాటిని దించడానికీ పారవేయడానికీ ఆ బీద దేశమే ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది. పాత చీరెల మూట కట్టి "ప్రభువు పని" అనుకోవడం మనకు కూడా అలవాటే. అంతియొకయ వారు మూటలు పంపలేదు, అక్కడి పెద్దల చేతికి సొమ్ము ఇచ్చారు. ఏది అవసరమో ఆ పెద్దలకు తెలుసు.

ఆ దీవుల రైతులకు అవసరమైనవి పెద్ద సంగతులు కావు. ప్రతి ఇంటికి, ప్రతి దేవాలయానికి రేకుల కప్పు నుండి వాన నీరు పట్టే గొట్టం, పెద్ద తొట్టి. దేవాలయపు కప్పు ఊరిలో అన్నిటికన్నా పెద్దది గనుక దానికి ఒక తొట్టి అమర్చితే ఊరంతటికీ కరవు రోజులలో కొంత ఊరట. ఉప్పు తగలకుండా నేలకు పైన కట్టిన మడులు, పెట్టెలు; వాటిలో ఎండుటాకు, కొబ్బరిపీచు, పందుల ఎరువు, చేపల వ్యర్థం కలిపి కుళ్లబెట్టిన మట్టి. ఫునాఫుటిలో ఇలాంటి పెట్టె తోటలలో ఆకుకూరలు, దోస పండిస్తున్నారు. అడుగున నీళ్లు నిలిపి వేరు క్రిందినుండి పీల్చుకొనేలా చేస్తే కొద్ది నీటితో సరిపోతుంది. ఒడ్డున మడ మొక్కలు. మన కోరింగ దగ్గర మడ అడవి అలల బలాన్ని ఎలా విరుస్తుందో తెలిసినవారికి ఇది క్రొత్త కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నారు. ఇక్కడ సమోవా కథ చెప్పాలి. 1993లో సమోవాలో చేమ ఆకుకు తెగులు వచ్చింది. రైతులందరూ మార్కెట్టుకు మంచి ధర పలికే ఒకే రకం ఎక్కువగా వేశారు. ఆ రకం తెగులుకు లొంగిపోయింది. దేశానికి ప్రధాన ఎగుమతి పంట ఏడాది తిరగకుండా కుప్పకూలింది. తరువాత రైతులు, విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కలిసి ఇతర ప్రాంతాల రకాలతో సంకరపరచి, తెగులును తట్టుకొనే రకాలను తయారుచేశారు. ఫిజీ రాజధాని సువాలో పసిఫిక్ పంటల, చెట్ల కేంద్రము ఒకటి ఉంది. వెయ్యికి పైగా చేమ రకాలను గాజు గొట్టాలలో బ్రతికించి ఉంచి, తుఫానుకో తెగులుకో తోట పోయిన దీవులకు శుభ్రమైన మొక్కలు పంపుతుంది. ఉప్పును, ఎండను ఓర్చుకొనే రకాలను వెదకి ఇచ్చే పని కూడా చేస్తుంది. నోవహు ఓడలోనికి ప్రతి జాతిని చేర్చుకున్నది ఎందుకో ఆ గాజు గొట్టాలను చూస్తే అర్థమౌతుంది. ఒక బియ్యపు సంచి నెలలో అయిపోతుంది. ఒక పిలక అడుగున మరి నాలుగు పిలకలు వేస్తుంది.

ఇవన్నీ చేసినా నిలువలేని చోట్లు ఉన్నాయి. అక్కడ కావలసినది భూమి. ఫిజీలోని వనువా లెవు దీవిలో వునిడొగొలోవా అనే గ్రామము సముద్రానికి ఓడిపోయి 2014 జనవరిలో సుమారు రెండు కిలోమీటర్లు లోపలికి, ఎత్తైన చోటికి తరలిపోయింది. క్రొత్త ఊరికి వారు పెట్టుకున్న పేరు కెనానీ, అనగా కనాను. క్రొత్త ఊరిలో ఇండ్లతోపాటు చేపల చెరువులు, అనాస తోటలు వేశారు, ఎందుకంటే ఇల్లు ఇచ్చి పొలము ఇవ్వకపోతే అది ఊరు కాదు, శిబిరము. అదే సంవత్సరము కిరిబాటి ప్రభుత్వము అదే దీవిలో ఆంగ్లికన్ సంఘమునకు చెందిన సుమారు అయిదున్నర వేల ఎకరాలు కొన్నది. అయితే ఆ నేల మీద, పూర్వం కూలీలుగా తేబడిన సొలొమోను దీవులవారి సంతతి అప్పటికే కాపురముంటున్నారు. ఒకరికి కనాను ఇచ్చేటప్పుడు అక్కడ ముందే ఎవరున్నారో అడగడం కూడా న్యాయములో భాగమే.

పాపువా న్యూగినీకి చెందిన కార్టరెట్ దీవుల సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టము. అక్కడ చేమ గుంటలు ఉప్పుబారాయి. హుయెనె అనే దీవిని సముద్రం రెండుగా కోసింది. ప్రభుత్వము ఆలస్యము చేస్తుంటే ఊరి పెద్దలు 2006లో తామే ఒక సంస్థ పెట్టుకున్నారు. 'తులెలె పెయిసా' దాని పేరు, అలల మీద మా పడవను మేమే నడుపుకుంటాము అని భావము. ఉర్సులా రకోవా అనే స్త్రీ దానికి నాయకత్వము వహించింది. బూగన్‌విల్ కతోలిక సంఘము టిన్‌పుట్జ్ దగ్గర తన భూములను వారికి ఇచ్చింది. 2009లో మొదట కొందరు తండ్రులు మాత్రమే వెళ్లి, ఇండ్లు కట్టి, తోటలు వేసి, తరువాత కుటుంబాలను పిలిపించుకున్నారు. కోకో, చేమ, అరటి వేశారు. కతోలికులు చేశారు గనుక మనం మెచ్చుకోకూడదా? భూమి ఉన్న సంఘము భూమి లేనివానికి ఇచ్చింది, బర్నబా చేసిన పని చేసింది. (మన మిషను కాంపౌండ్ల భూముల గురించి, కోర్టు వ్యాజ్యముల గురించి నేనిక్కడ ఏమీ అనను. వినేవారికి తెలుసు.)

సహాయము మాత్రమే కాదు, న్యాయము కూడా వారు అడుగుతున్నారు. 2004 మార్చిలో పసిఫిక్ సంఘములు కిరిబాటిలో కూడి, 'ఒటిన్ తాయి' అనే ప్రకటనలో ప్రపంచ సంఘములను తమ ప్రక్కన నిలువమని కోరాయి. 2019లో వనువాటులో న్యాయశాస్త్రము చదివే 27 మంది పసిఫిక్ విద్యార్థులు ఒక ప్రశ్నను లేవనెత్తారు. అది దేశదేశములు తిరిగి హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానమునకు చేరింది. వాతావరణమును కాపాడుట దేశములకు చట్టబద్ధమైన విధి అని 2025 జూలై 23న ఆ న్యాయస్థానము తన అభిప్రాయము చెప్పింది. విసిగించి న్యాయము అడిగిన విధవరాలి ఉపమానము మీకు జ్ఞాపకము రావడం లేదా? మన దేశంలో తలకు లెక్కిస్తే పొగ తక్కువే, అది నిజము. మొత్తము లెక్కలో మాత్రం చైనా, అమెరికా తరువాత మనమే. అందులో పొలము దున్నే కూలివాని వాటా ఎంత, కల్యాణమండపంలో రాత్రంతా జనరేటరు వేసి పెళ్లి చేసేవాని వాటా ఎంత అన్నది మన సంఘాలలో కూర్చొని మాట్లాడుకోదగిన సంగతి.

ఫిజీలో మన రక్తసంబంధులు కూడా ఉన్నారు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి ఓడలెక్కించి చెరకు తోటలకు తీసుకొనిపోయిన కూలీలలో తెలుగువారు ఉన్నారు. దక్షిణ భారతీయులు 1926లో అక్కడ స్థాపించుకున్న సంగము బడులు పెట్టి తమ భాషలను నిలబెట్టింది. 2016 ఫిబ్రవరిలో 'విన్‌స్టన్' తుఫాను 44 మందిని పొట్టనబెట్టుకొని చెరకు చేలను నేలమట్టం చేసినప్పుడు నష్టపోయిన రైతులలో వారి మనుమలు ఉన్నారు. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండులో ఉన్న తెలుగు విశ్వాసులారా, మీకు ప్రత్యేకముగా ఒక మాట. 2024 ఆగస్టులో అమలులోనికి వచ్చిన ఒడంబడిక ప్రకారము ఏటా 280 మంది తువాలు వారు ఆస్ట్రేలియాలో స్థిరపడవచ్చు. పండ్ల తోటలలో పనికి వచ్చే పసిఫిక్ కూలీలు వేలమంది. ఆదివారము మీ ఆరాధన ముగిశాక వారిని భోజనానికి పిలవండి. మీ వీధిలోనే మెలితే ఉంది.

ఇక్కడున్న సంఘములకు నా మనవి ఇది. కోతపండుగ కానుకలలో ఒక భాగమును ఈ రైతుల కొరకు వేరుచేయండి. మీ సినడు లేక డయాసిసు లేక కన్వెన్షను సహాయ విభాగము ద్వారానే పంపండి. పసిఫిక్ సంఘముల సమాఖ్య సువాలో ఉంది, పెద్దల చేతికి చేర్చే మార్గము ఉంది. ఎవరో వ్యక్తి ఫోనులో అడిగితే పంపకండి. రసీదు అడగండి. బర్నబా, సౌలు ఇద్దరిని పంపింది అందుకే. ఆ సొమ్ము పంపిన వారములోనే మీ దేవాలయపు కప్పు క్రింద కూడా ఒక వాన నీటి తొట్టి కట్టండి. మన ఊరిలోని బోరుబావి కూడా ఏటేటా లోతుకు పోతూనే ఉంది గదా.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, సముద్రమునకు గడియ పెట్టి తలుపులు అమర్చినవాడా, నీకు స్తోత్రములు. తువాలు తొట్లలోనికి వాన పంపుము. కిరిబాటిలో ఉప్పుబారిన గుంట గట్టున కూర్చున్న ముసలి రైతుకు, ఈ యేడు నాటిన పిలక బ్రతుకునట్లు కృప చూపుము. ఊరు విడువలేక విడుచుచున్న తల్లులను, క్రొత్త నేలలో మొదటి దుంప పెకలించే పిల్లలను జ్ఞాపకము చేసికొనుము. అనంతపురమునకు కూడా వాన దయచేయుము, ప్రభువా. మా సంచులలో ముడివేసి దాచినదానిని విప్పుటకు మాకు మనస్సు నిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.